పరిశీలనలో ఉందండి

"ఇంకోసారి చెప్పు వదినా. ఈసారి నేను మేనేజర్ని," అంది ఆడపడుచు, కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే.

"మేనేజరు మిషను తొక్కుతూ వింటాడా?"

"ఫోను చూసుకుంటూ వింటాడు. దానికన్నా ఇదే నయం. కానీ, మొదలెట్టు."

ఆపరేటరమ్మ మంచం అంచున నిటారుగా కూర్చుని గొంతు సవరించుకుంది. గది చిన్నది. మంచానికీ మిషనుకీ మధ్య మనిషి పక్కకి తిరిగితేనే దారి. కుట్టాల్సిన స్కూలు యూనిఫారాలు ఒక మూల, కుట్టినవి ఇంకో మూల గుట్టలుగా పడున్నాయి. ఎటు చూసినా అదే బూడిదరంగు.

"నమస్కారమండీ. నేను ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చాలా ఏళ్ళు పనిచేశాను..."

"ఆగు. చాలా ఏళ్ళు అనగానే వాళ్ళు నీ వయసు లెక్కేస్తారు. ఏం చేయగలవో ముందు చెప్పు. ఎన్నాళ్ళు చేశావో అడిగితే అప్పుడు చెబుదువుగాని."

ఆపరేటరమ్మ కాసేపు ఆలోచించింది. "ఎన్ని లైన్లు ఒక్కసారి మోగినా ఎవర్నీ విసుక్కోకుండా మాట్లాడగలను. ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళ చేత కూడా సంగతేమిటో చెప్పించగలను."

మిషను ఆగింది. "ఆ, అలా చెప్పాలి. మరి అక్కడ ఎందుకు మానేశారమ్మా?"

"మానలేదు. మాన్పించారు. డాక్టరు కావాలంటే ఒకటి నొక్కండి, రక్తపరీక్షలకి రెండు నొక్కండి అని ఇప్పుడు మిషను చేత చెప్పిస్తున్నారు. గుండె పట్టుకుని ఫోన్ చేసినవాడు ఏది నొక్కాలో వాళ్ళకే తెలియాలి."

"వదినా."

"సరేలే. ఆస్పత్రిలో పద్ధతి మారిందండీ."

"అంతే. ఏడుపు ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళాలి."

ఉద్యోగమేళా గురించి ఆడపడుచు ఫోనులో చూడని వీడియో లేదు. మిషను పక్కన డబ్బాకి ఫోను ఆనించి, కాలర్లు కుడుతూ అన్నీ వినేసింది. పెందరాళే వెళ్ళాలట. ఏయే కంపెనీలు వస్తున్నాయో ముందే తెలుసుకుని, మనకి పనికొచ్చేవి నాలుగైదు ఎంచుకుని, మొదట వాటి దగ్గరికే వెళ్ళాలట. మాట్లాడిన మనిషి పేరు అడగాలట. రెండ్రోజులు ఆగి మళ్ళీ ఫోన్ చేయాలట. అన్నిటికన్నా ముఖ్యం, లైను పొడుగ్గా ఉందని అదే గొప్ప కంపెనీ అనుకుని అందులో ఇరుక్కుపోకూడదట.

"ఇంత తెలిసినదానివి, నువ్వే వెళ్ళరాదూ?" అంది ఆపరేటరమ్మ.

"నాకు మిషనుతో పెళ్ళయిపోయింది. నువ్వెళ్ళు." ఆడపడుచు పళ్ళతో దారం తెంపింది. "అన్నయ్య ఫోన్ చేశాడు పొద్దున. లారీ ఎక్కడో చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిందట. మేళాకి వెళ్తున్నావని చెప్పాను. కాసేపు ఆగి, దానికి ఎండ పడదు, గొడుగు ఇవ్వు అన్నాడు."

ఆపరేటరమ్మ నవ్వింది. ఉద్యోగం పోయాక ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బరువుగా ఉంది. ఆడపడుచు పొద్దున ముందులేస్తోంది, యూనిఫారాల గుట్ట పెరుగుతోంది, మెడ వెనక తైలం రాసుకోవడం ఎక్కువైంది. చూస్తూ ఊరుకోవడం తప్ప చేసేదేం లేదు.

*

మేళా ఇండోర్ స్టేడియంలో పెట్టారు. లోపల ఆటల కోసం గీసిన గీతల మీదే స్టాళ్ళు వేశారు. ఏసీ ఉందన్నారు గాని, ఇంతమంది ఊపిరికి అది ఏ మూలకీ సరిపోలేదు.

ఆపరేటరమ్మ చెప్పినట్టే చేసింది. పెందరాళే వెళ్ళింది. ముందు ఒక హోటల్ స్టాలుకి వెళితే, ఆమె నోరు తెరవకముందే అక్కడి కుర్రాడు, "రిసెప్షన్‌కి అయితే ముప్ఫై లోపు వాళ్ళేనండీ," అన్నాడు, తన తప్పేం లేదన్నట్టు చేతులు చూపిస్తూ. తర్వాత కళ్ళద్దాల షాపు వాళ్ళు మర్యాదగా విన్నారు. బాగుందన్నారు, కబురు చేస్తామన్నారు. పేరు అడిగితే మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అక్కడి నుంచి చూస్తే హాలు నడిమధ్యలో పార్సిళ్ళ కంపెనీ స్టాలు కనిపించింది. పెళ్ళివారి పందిరంత ఉంది. వెనక ఎర్రటి తెర, పైన లైట్లు, ముందు పొడుగాటి బల్ల. దాని ముందు లైను రెండు మలుపులు తిరిగి తలుపు దాకా వచ్చింది. ఆ కంపెనీకి కాల్ సెంటరు ఉందని అందరికీ తెలుసు. పార్సిలు రాకపోతే జనం ఫోన్ చేసేది అక్కడికే. ఆడపడుచు మాట గుర్తుకొచ్చింది. అయినా కాళ్ళు అటే నడిచాయి. ఫోన్లున్నచోట తను పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది?

ఆమె వెనక ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. భారీ మనిషి. మోకాలు నొప్పేమో, బరువంతా ఒక కాలి మీదే వేస్తున్నాడు. రేవులో క్రేను నడిపేవాడట. రేవు చేతులు మారాక పాతవాళ్ళని తీసేశారు.

"మీరేం చేసేవారు చెల్లెమ్మా?" అన్నాడు.

చెప్పింది. ఆయన చెవి దగ్గర అరచెయ్యి పెట్టి ముందుకి వంగాడు. "ఆ ఇంజన్ల పక్కన ఉండి ఉండి సరిగా వినపడదు. కొంచెం గట్టిగా."

మళ్ళీ గట్టిగా చెప్పింది. "ఓ, ఫోన్లలో మాట్లాడేవారా. నాకైతే ఫోన్లో మా ఆవిడ తిట్లు కూడా వినపడవు. అందుకే కాపురం నిలబడింది," అన్నాడు. ముందున్నవాళ్ళు కూడా నవ్వారు.

లైను చీమలా కదులుతోంది. మధ్యలో ఒక ఫోటోలవాడు వచ్చి, "కొంచెం దగ్గరదగ్గరగా నిలబడండి, ఇటు చూడండి," అంటూ రెండువైపుల నుంచీ తీశాడు. కాయితాలు గుండెకి ఆనించుకుని అందరూ అటు చూశారు. ఆపరేటరమ్మ కూడా చూసింది, ఉద్యోగం అతనే ఇస్తాడన్నట్టు కాస్త నవ్వింది కూడా.

బల్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. బల్ల వెనక ఒకే ఒక అమ్మాయి ఉంది. సన్నగా, మెళ్ళో బ్యాడ్జీతో. కాయితం తీసుకోవడం, పైనుంచి కిందికి చూడడం, నవ్వడం, పక్కనున్న అట్టపెట్టెలో పెట్టడం. పెట్టె నిండితే కింద ఇంకో పెట్టె. కాస్త వెనగ్గా తెర పక్కన టై కట్టుకున్న మేనేజరు నిలబడి మేళా పెట్టినవాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"నమస్కారమండీ," అని మొదలుపెట్టింది ఆపరేటరమ్మ. రాత్రి నేర్చుకున్నదంతా తడబడకుండా చెప్పింది. ఆ అమ్మాయి కాయితం చూడడం మానేసి ఆమె మొహంలోకి చూసింది.

"మీ గొంతు చాలా బాగుందండీ."

"థాంక్స్ అమ్మా. నీ పేరు..."

ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి చూసింది. పెన్ను తీసి, తల వంచి, కాయితం మీద ఏదో రాస్తున్నట్టు గీతలు గీస్తూ మెల్లగా అంది. "ఇక్కడ ఖాళీల్లేవండీ. ఒక్కటి కూడా లేదు. చివరి వరసలో నీళ్ళ ఫిల్టర్ల కంపెనీ ఉంది. వాళ్ళు నిజంగా తీసుకుంటున్నారు. మధ్యాహ్నం లోపే మూసేస్తారట. త్వరగా వెళ్ళండి."

తల ఎత్తి, మామూలు గొంతుతో, "థాంక్యూ అండీ, కబురు చేస్తాం," అంది. కాయితం పెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఆపరేటరమ్మ పక్కకి జరిగింది. వెళ్ళిపోయేదే. కాని క్రేనాయన బల్ల దగ్గరికి రావడానికి నొప్పి కాలు ఈడ్చుకుంటూ అడుగు వేస్తున్నాడు. చేతిలో కాయితం చెమటకి మెత్తబడిపోయింది. ఆమె వెనక్కి తిరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఇక్కడ ఖాళీల్లేవట. చివరి వరసకి వెళ్దాం రండి," అంది, గుసగుసగా.

"ఆ?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటూ.

"ఖాళీల్లేవట," అంది, కాస్త పైకి.

"ఖాళీల్లేవా? ఇక్కడ ఖాళీలే లేవా?" క్రేను కింద నిలబడ్డవాళ్ళకి వినపడేలా మాట్లాడడం అలవాటైన గొంతు అది. మలుపు అవతల ఉన్నవాళ్ళకి కూడా వినపడింది. "మరి పొద్దుట్నుంచీ ఇంతమందిని ఎందుకు నిలబెట్టారు?"

ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి ఆ మాట పాకింది. ఎవరూ కేకలు వేయలేదు. మొదట వెనకవాళ్ళు కదిలారు, తర్వాత మధ్యలోవాళ్ళు. పొద్దున్నించీ పోగైన లైను చూస్తూ ఉండగానే విడిపోయింది. నలుగురైదుగురు మాత్రం, ముందుకు జరగడానికి ఇదే అదననుకున్నారేమో, కదలకుండా అక్కడే నిలబడ్డారు.

మేనేజరు వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. "ఎవరన్నారండీ ఆ మాట?" అని క్రేనాయన్ని అడిగాడు. ఆయనకి సగమే వినపడింది. ఆ సగానికి జవాబుగా ఆయన చూపు ఆపరేటరమ్మ మీదికి తిరిగింది.

"మీకెవరు చెప్పారమ్మా?"

ఆపరేటరమ్మ బల్ల వైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదండీ. లైను కదలడం లేదు కదా, ఖాళీల్లేవేమోనని నేనే అనుకున్నాను." మాట తొణక్కుండా వచ్చింది. డాక్టరు క్యాంటీన్లో కాఫీ తాగుతుంటే ఆపరేషన్లో ఉన్నారని చెప్పినప్పుడల్లా వచ్చిన గొంతే అది.

మేనేజరు ఆమెని కాసేపు చూశాడు. తర్వాత బల్ల వెనక ఉన్న అమ్మాయిని చూశాడు. ఆ పిల్ల మొహం అప్పటికే పాలిపోయింది. అడిగేందుకేం మిగల్లేదు. "ఇలా రామ్మా," అని తెర వెనక్కి తీసుకెళ్ళాడు.

ఎక్కువసేపు పట్టలేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె మెళ్ళో బ్యాడ్జీ లేదు. బల్ల కింద నుంచి తన బ్యాగు తీసుకుంది. సీసాలో మిగిలిన నీళ్ళు నిలబడే తాగింది, మూత బిగించి బ్యాగులో పెట్టుకుంది. ఆపరేటరమ్మ పక్కనుంచే వెళ్ళింది గాని, అటు చూడలేదు. ఆపరేటరమ్మ పిలిచేలోపే ఆ పిల్ల జనంలో కలిసిపోయింది.

"పద చెల్లెమ్మా. చివరి వరస ఎటు?" అంటున్నాడు క్రేనాయన.

ఫిల్టర్ల వాళ్ళు బల్ల సర్దేస్తున్నారు. క్రేనాయన్ని చూసి, గోడౌన్లో సరుకులెత్తే బండి నడపగలవా అని అడిగారు. అంతే, వెంటనే రమ్మన్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె వంతు వచ్చేసరికి మాత్రం, "మాకు ఇంటింటికీ తిరిగి బిగించేవాళ్ళు కావాలమ్మా," అన్నారు.

*

"నువ్వు ఆయన మంచికే చెప్పావు వదినా," అంది ఆడపడుచు, సాయంత్రం అంతా విన్నాక.

"ఆ పిల్లా నా మంచికే చెప్పింది. నేను బాగానే ఇంటికొచ్చాను. తను బ్యాడ్జీ లేకుండా వెళ్ళింది."

"మరి ఆయనకి చెప్పకుండా వచ్చేస్తే బావుండేదా?"

ఆపరేటరమ్మ యూనిఫారాలకి బొత్తాలు కుట్టడానికి కూర్చుంది. కుట్టిన ప్రతి బొత్తాన్నీ రెండుసార్లు లాగి చూసింది.

రెండ్రోజులాగి కళ్ళద్దాల షాపుకి ఫోన్ చేసింది. మిషను ఎత్తింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, చివరికి ఎవరూ అందుబాటులో లేరంది. అంతా విని, అలవాటు కొద్దీ ఆ మిషనుకి కూడా థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఆ మర్నాడు ఫోన్ మోగింది. పార్సిళ్ళ కంపెనీ నుంచి. మేనేజరే మాట్లాడుతున్నాడు. ఆఫీసుకి ఒకసారి రాగలరా అన్నాడు.

ఆఫీసు ఒక పాత మేడలో మూడో అంతస్తు. కాల్ సెంటరు ఇంకెక్కడో ఉందట, ఇది ఊళ్ళో ఆఫీసు. మేనేజరు గాజుతలుపుల గదిలో కూర్చోబెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ముందు డెస్కులో మనిషి కావాలి మాకు. ఫోన్లూ, వచ్చేపోయేవాళ్ళూ. మీ గొంతు నేను విన్నాను," అన్నాడు.

"ఖాళీల్లేవన్నారు కదండీ?"

"అప్పుడు లేవు. తర్వాత ఒకటి వచ్చింది." అద్దాలు పెట్టుకుని ఆమె వైపు చూశాడు. "నేనడిగితే మీరు ఎవరి పేరూ చెప్పలేదు. నాకు తెలుసు మీకు ఎవరు చెప్పారో. అయినా నోరు విప్పలేదు. ఇక్కడ అలాంటి మనిషే కావాలి. మాట బయటికి పోకూడదు."

ఆపరేటరమ్మకి ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఆ అమ్మాయి..."

"మానేసింది."

"మరి ఖాళీల్లేనప్పుడు అంత స్టాలు ఎందుకండీ?"

ఆయన నొచ్చుకోలేదు. "అందరూ వస్తారు, మనం లేకపోతే బాగుండదు. పై వాళ్ళకి ఫోటోలు కావాలి. రేపెప్పుడైనా ఖాళీలొస్తే కాయితాలు చేతిలో ఉంటాయి. మేం ఎవర్నీ మోసం చెయ్యలేదమ్మా. ఇస్తామని చెప్పలేదు కదా." ఆ మాట ఆయన నమ్మే అన్నాడు. "సోమవారం చేరండి. ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఆలోచించుకుని రేపు చెప్పండి."

బయటికి వస్తూ ముందు డెస్కు దగ్గర ఆగింది. కుర్చీ వీపుకి చిన్న దిండు కట్టి ఉంది. సొరుగు సగం తెరిచి ఉంటే లోపల దువ్వెన, ఒక జత చెప్పులు, తలనొప్పి మందు కనిపించాయి. ఊడ్చే ఆమె అక్కడే ఉంది.

"అవన్నీ పారేయమన్నారు," అంది ఊడ్చే ఆమె. "నాకు మనసొప్పలేదు. వెనక వీధి హాస్టల్లోనే ఉంటుంది ఆ పిల్ల. నా డ్యూటీ అయ్యేసరికి వాళ్ళ గేటు మూసేస్తారు."

"నేనిస్తాను," అంది ఆపరేటరమ్మ.

*

హాస్టల్లో మెట్ల కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి, చూడవచ్చినవాళ్ళ కోసం. ఆ అమ్మాయి తడి తలతో కిందికి దిగింది. గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. ఆపరేటరమ్మ సంచీ చాపితే తీసుకుని లోపలికి చూసింది.

"ఇవి మీ దగ్గరికెలా వచ్చాయి?"

చెప్పింది. ఆఫీసుకి పిలిచారనీ, ఏ సీటు ఇస్తామన్నారో అదీ. దాచుకోవడానికి అందులో ఏమీ లేదు. దాచినా ఆ చెప్పులే చెప్పేస్తాయి.

ఆ పిల్ల నవ్వింది. సంతోషంగా నవ్విన నవ్వు కాదు. "మంచిదేగా. మీ గొంతు బాగుందని నేనే అన్నాను."

"నా వల్లే నీ ఉద్యోగం పోయింది తల్లీ. నేను మెల్లగానే చెప్పాను. ఆయనకి వినపడదు. అంత గట్టిగా అంటాడనుకోలేదు."

"చూశాను." కుర్చీలో కూర్చుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. కాసేపు దాని పిడులు ముడేస్తూ విప్పుతూ ఉండిపోయింది. "మీ మీద చాలా కోపం వచ్చింది. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మతో చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు."

"తిట్టు. ఆ మాట అనిపించుకోవడానికే వచ్చాను."

"పొద్దుట్నుంచీ చాలామందికి చెప్పానండీ, మీకొక్కళ్ళకే కాదు," అంది ఆ పిల్ల. "మరీ అలిసిపోయినవాళ్ళు వస్తే ఆగలేక చెప్పేసేదాన్ని. చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చినావిడకి చెప్పాను. సూటు వేసుకొచ్చినాయనకి చెప్పాను. అందరూ థాంక్స్ అని, చప్పుడు కాకుండా చివరి వరసకి వెళ్ళిపోయారు. పక్కవాడికి చెబితే తమ వంతు పోతుందేమోనని. లైను లైనులాగే ఉండేది. నాకు అందరికీ చెప్పాలని ఉండేది, అందరికీ చెప్పే ధైర్యం లేదు. ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చెప్పకపోతారా అని చూశాను." తల ఎత్తింది. "మీరొక్కరే తిరిగారు."

మెట్ల మీద ఎవరో బకెట్టు దించుకుంటూ వచ్చారు. ఆపరేటరమ్మ పక్కకి జరిగి దారిచ్చింది.

"నేను చేరను," అంది ఆపరేటరమ్మ.

"చేరకపోతే నన్ను పిలుస్తారా?" విసుగ్గా అంది ఆ పిల్ల. "ఆ అట్టపెట్టెల్లోంచి ఇంకో కాయితం తీస్తారు. మీకు అవసరం లేకపోతే మానండి. నా కోసం మాత్రం మానకండి, ఆ బరువు నాకొద్దు." లేచి నిలబడి, వెళ్ళబోతూ ఆగింది. "ఆ కుర్చీ నడుం పట్టేస్తుంది. దిండు ఉంచుకోండి."

*

సోమవారం ఆడపడుచు ఆమె భుజాల దగ్గర బట్ట సర్దుతూ, "ముళ్ళ మీద కూర్చోబోతున్నట్టు మొహం పెట్టకు," అంది. "ఉద్యోగం చేస్తున్నావు. దొంగతనం కాదు."

డెస్కు మీద ఫోను, తలకి తగిలించుకునే హెడ్‌సెట్టు. ఆపరేటరమ్మ దాన్ని సర్దుకుంటే, ఇన్ని నెలల తర్వాత చెవికి ఆ ఒత్తిడి తగిలి ప్రాణం లేచొచ్చింది. లైన్ల దీపాలు వెలుగుతున్నాయి. చేతులకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

మేనేజరు ఒక్క మాటే చెప్పి తన గాజు గదిలోకి వెళ్ళాడు. "మేళాలో కాయితాలిచ్చినవాళ్ళు ఫోన్లు చేస్తారు. పరిశీలనలో ఉందండి అని చెప్పండి. ఇంకేం వద్దు."

చేశారు. మొదటివాడు పేరు కూడా అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. "మీ అప్లికేషన్ పరిశీలనలో ఉందండి," అంది. అతను ఎంత సంతోషించాడో, మూడుసార్లు థాంక్స్ చెప్పాడు. రెండో ఆయనకీ అదే చెప్పింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకీ. చెప్పడం కష్టమవుతుందని అనుకుంది, కష్టం కాలేదు. అదే ఆమెని భయపెట్టింది. గొంతు మెత్తగా, తియ్యగా, దాని పని అది చేసుకుపోతోంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే మిషనుకి కూడా ఇంత మంచి గొంతే పెట్టారని గుర్తొచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే ఇంకో లైను వెలిగింది. ఆడగొంతు, పడుచుదే. వెనక బస్సుల చప్పుడు.

"మేళాలో కాయితం ఇచ్చానండీ. ఏమైనా తెలిసిందా?"

"పరిశీలనలో ఉందండి."

"అమ్మయ్య. ఒకటి అడగొచ్చా అండీ? ఇక్కడ బట్టల షాపులో లెక్కలు రాయడానికి రమ్మన్నారు. జీతం తక్కువ, పొద్దు పోయేదాకా ఉండాలి. ఈ సాయంత్రం లోపు చేరకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామంటున్నారు. మీ కంపెనీలో వస్తుందంటే ఆగుదామని మా ఇంట్లో అంటున్నారు. ఆగమంటారా?"

పరిశీలనలో ఉందండి అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. చెబితే అది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. కాయితం పెట్టెలోనే ఉంది మరి.

ఆపరేటరమ్మ గాజు గది వైపు చూసింది. మేనేజరు తల వంచుకుని ఏదో చదువుకుంటున్నాడు. ఆయన గది తలుపు తెరిచే ఉంది. మెల్లగా చెప్పొచ్చు. మైకు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, రాస్తున్నట్టు తల వంచి చెప్పొచ్చు. పొద్దున తన భుజాల మీద బట్ట సర్దిన ఆడపడుచు చేతుల బరువు ఇంకా అలాగే ఉన్నట్టుంది. ఇంట్లో ఏమని చెప్పాలి? అవతల ఆ పిల్ల, "హలో, ఉన్నారా అండీ?" అంటోంది.

"ఉన్నానమ్మా," అంది. "నువ్వు ఆ షాపులో చేరు. ఈ సాయంత్రం దాకా కూడా ఆగకు, ఇప్పుడే వెళ్ళు."

"ఎందుకండీ? పరిశీలనలో ఉందన్నారు కదా?"

"ఇక్కడ ఖాళీల్లేవు."

గొంతు తగ్గించలేదు. హాల్లో అన్ని బల్లల దాకా వినపడే గొంతుతోనే అంది. గాజు గదిలో మేనేజరు తల ఎత్తాడు. బల్లల దగ్గర టైపు చేస్తున్న చేతులు ఆగాయి.

అవతల బస్సు హారను ఒకటి మోగింది, ఆ తర్వాత లైను తెగింది. కోపమో, దిగులో, పరుగందుకుందో తెలియదు.

మేనేజరు కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు వినపడింది. ఆపరేటరమ్మ అటు తిరగలేదు. ఫోనులో పొద్దున చేసినవాళ్ళ నంబర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అన్నిటికన్నా కింద, మూడుసార్లు థాంక్స్ చెప్పినతని నంబరు. ఆయన అడుగులు డెస్కు దాకా రాకముందే ఆ నంబరు నొక్కింది. అవతల మోగడం మొదలైంది.